సవరణ: కుక్క కరిచిన పెట్టకి పసుపు గురించి

కుక్క నోట పడి బతికిన మా పెట్ట గురించి పోయిన వారం రాసినదాంట్లో "గాయానికి పసుపు పెట్టి గంప కింద ఉంచాం" అన్న వాక్యం ఉంది. అది చదివి మధురవాడలో ఒకావిడ మట్టి, ఈకలు అతుక్కున్న గాయం మీదే పసుపు అద్దేశారు. అందుకే ఈ వివరణ.

ముందు గాయం కడగాలి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే దాదాపు ఒకటిన్నర టీస్పూన్లు కలిపి, సూది తీసేసిన సిరంజితో ధారగా కొట్టాలి. ఈకలు తడిపి పక్కకి ఒత్తితే చర్మం కనిపిస్తుంది. అక్కడ బియ్యపు గింజంత రంధ్రం ఉన్నా తేలిగ్గా తీసుకోకండి. కుక్క కోర దిగినచోటు పైకి చిన్నదే, లోపల చీము పడుతుంది. దానికి పసుపు చాలదు, పశువుల డాక్టరు ఇచ్చే యాంటీబయాటిక్ కావాలి. మందు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత డాక్టరు చెప్పేవరకూ గుడ్లు తినకూడదు.

గంప మాట మాత్రం అలాగే ఉంచుతున్నాను. రక్తం కనబడితే తోటి కోళ్లు పొడిచి చంపేస్తాయి, ఎంత కలిసి పెరిగినా సరే. మన విశాఖ ఉక్కలో ఈగలు వాలి త్వరగా పురుగులు పడతాయి. గంప మీద దోమతెర కప్పండి, పూటపూటకీ గాయం చూడండి. వాలిపోయిన కోడికి ముక్కు తెరిచి నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు అంచున ఒక్కో చుక్క పెడితే అదే మింగుతుంది.

గాయంలోంచి గాలి బుడగలొచ్చినా, కాలు వేలాడినా వెంటనే పశువైద్యశాలకి తీసుకెళ్లండి. అట్టపెట్టెలో గుడ్డ పరిచి, గాలికి చిల్లులు పెట్టి మూసేస్తే చీకట్లో దారంతా టెన్షన్ పడకుండా కూర్చుంటుంది.