ప్రవర్తన: సంతృప్తికరం

మా హైస్కూల్లో టీసీ ఇచ్చేటప్పుడు ‘ప్రవర్తన’ అన్న గడిలో హెడ్మాస్టారు ఎవరికైనా ఒకటే రాసేవారు: సంతృప్తికరం. క్లాసు ఫస్టు వచ్చినవాడికీ అదే, ల్యాబులో కప్ప ఉన్న సీసా ఎత్తుకెళ్లినవాడికీ అదే. ఎలాగూ పోతున్నాడు, ఇంకెందుకు పేచీ అని ఆయన లెక్క. మన నాయకుల చరిత్ర రాసేవాళ్లంతా ఆయన దగ్గరే చదువుకున్నారని నాకు అనుమానం. అసెంబ్లీలో ఎన్ని తిట్టుకున్నా, మనిషి పోయిన మర్నాడు ఫ్లెక్సీ మీద ‘బడుగుల పెన్నిధి’ అని పడిపోతుంది.

అందుచేత బాగా ఆలోచించి ఒక ప్రతిపాదన చేస్తున్నాను. నాయకుల శీలాన్ని చరిత్ర లెక్కల్లోంచి తీసేద్దాం. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు, ముఖ్యంగా అది ఉన్నవాళ్లకి.

టంగుటూరి ప్రకాశం పంతులుగారినే తీసుకోండి. మద్రాసులో బారిస్టరుగా సంపాదించిందంతా ‘స్వరాజ్య’ పత్రికకీ ఉద్యమానికీ ధారపోశారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీకి రొమ్ము చూపించారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. మద్యనిషేధం గొడవలో వచ్చిన అవిశ్వాసంతో మరుసటి ఏడాదే ప్రభుత్వం పడిపోయింది. ఇవాళ ప్రభుత్వాలు నిలబడేదే మద్యం ఆదాయం మీద. ఇంత దూరదృష్టి లేని మనిషి 1957లో ఆస్తి లేకుండా పోయారంటే వింతేముంది?

ఆ పంతులుగారు ఇప్పుడు విశాఖ కలెక్టరేటుకి నామినేషన్ వెయ్యడానికి వచ్చారనుకుందాం. సుప్రీంకోర్టు పుణ్యమా అని అఫిడవిట్ తప్పదు. నోటరీ గారు కళ్లజోడు సర్దుకుంటారు.

“కేసులు?”

“ఉప్పు సత్యాగ్రహం, క్విట్ ఇండియా. జైలు కూడా అయింది.”

“భేష్. స్థిరాస్తులు?”

“లేవు.”

“చరాస్తులు?”

“లేవు.”

“పోనీ, ఇంట్లోవాళ్ల పేరున?”

కేసుల గడిలో పంతులుగారు ఇప్పటి అభ్యర్థులతో సమానంగా నిలబడతారు. ఆస్తుల గడిలో మాత్రం డిపాజిట్ గల్లంతు. ఆ ఫారంలో అప్పులకు గడి ఉంది, చదువుకు గడి ఉంది, పాన్ నంబరుకు గడి ఉంది. శీలానికి లేదు. నా ప్రతిపాదన నాకంటే ముందే అమల్లో ఉందన్నమాట.

మరి చరిత్రలో నిలవాలంటే ఏం కావాలి? వారసత్వం. తెలుగులో ఈ మాటకు రెండర్థాలు ఉండేవి. ఇప్పుడు ఒకటే మిగిలింది, కొడుకు. (కూతురైనా చెల్లుతుంది, ఆ మేరకు మనం అభ్యుదయవాదులమే.) విశాఖ బీచ్ రోడ్డు ఉప్పుగాలికి ఇనుప గేటే ఆగదు, విగ్రహం ఏమాగుతుంది? ఏటా రంగు వేయించడానికి, జయంతికి నిచ్చెన తెప్పించడానికి, పాలాభిషేకానికి ప్యాకెట్లు కొనడానికి ఒక వారసుడు ఉండాలి. ఆయన టికెట్ల వేటలో ఉంటేనే నాన్నగారి మెడలో దండ వాడిపోకుండా ఉంటుంది. ఎవరూ లేకపోతే వన్‌టౌన్‌లో రాణీబొమ్మలా మిగలాల్సిందే. విక్టోరియా మహారాణి మనల్ని ఎలా ఏలిందో అడిగేవాడు లేడు. ఆటోవాడికి ఆవిడొక స్టాపు.

తెన్నేటి విశ్వనాథం గారిది మన ఊరి కథ. ప్రకాశంగారి మంత్రివర్గంలో పనిచేశారు, ఆయన ఆత్మకథలో చివరి భాగం పూర్తిచేసిందీ ఈయనే. 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అంటూ ఊరు ఊరంతా లేచినప్పుడు ముందున్నారు. ఆ ఉద్యమంలో ప్రజాప్రతినిధులు పదవులు వదులుకున్నారు, కాల్పుల్లో మనుషులు చచ్చిపోయారు. మరుసటి ఏడాది ఈయన్ని విశాఖ జనం ఇండిపెండెంటుగా పార్లమెంటుకు పంపారు. 2021లో అదే ఫ్యాక్టరీని అమ్మేస్తామని కేంద్రం అన్నప్పుడు కూడా రాజీనామాల మాట వినిపించింది గానీ, స్పీకర్ ఫార్మాట్, అంటే రాజీనామా లేఖ ఎలా ఉండాలన్న నమూనా, దగ్గర కాస్త చిక్కొచ్చింది. 1966లో ఫార్మాట్ మీద అంత శ్రద్ధ ఉండేది కాదు కాబోలు.

విశ్వనాథంగారి పేరు మీద జోడుగుళ్లపాలెం దగ్గర పార్కు ఉంది. మురీ మిక్చర్ బాగుంటుంది. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి ఒక బంగ్లాదేశ్ ఓడ వచ్చి సరిగ్గా ఆ పార్కు కిందే ఒడ్డెక్కింది. దాని పేరు కూడా ‘మా’. ఎంత ఆప్యాయత! నిజానికి ఆ ఓడలో నాయకుడి లక్షణాలన్నీ ఉన్నాయి. గాలి ఎటు వీస్తే అటు వచ్చింది, లంగరు నిలవలేదు, ఒకసారి కూర్చున్నాక నెలల తరబడి కదలనంది. దాన్ని చూడడానికి వచ్చినంతమంది జనాన్ని ఆ పార్కు అంతకు ముందు చూసి ఉండదు.

ఆ రోజుల్లోనే ఓ సాయంత్రం నేనూ వెళ్లాను. గేటు దగ్గర బోర్డును కూడబలుక్కుని చదివి ఒక పిల్లాడు అడిగాడు.

“నానా, తెన్నేటంటే ఏటి?”

తండ్రి ఫోన్‌లోంచి తలెత్తకుండానే సముద్రం వైపు చెయ్యి చూపించాడు.

“అదుగోరా, కనబడత్లేదా? ఆ ఎదురుగా నిలబడు, ఫొటో తీస్తాను.”