ఫీనిక్స్ కన్నీళ్ళు దొరకవు సరే, వేపాకు టెస్టు ఎందుకు?

మళ్ళీ వచ్చింది ఆ మెసేజి. ఈసారి పంపింది మా పెద్ద వదిన. అంతకుముందు మధురవాడలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, దానికి ముందు పాత కాలేజీ స్నేహితుల గ్రూపులో వచ్చింది. దసరా సెలవుల్లో టెర్రస్ మీద తెర కట్టి పిల్లలకి 'హ్యారీ పాటర్ అండ్ ద ఛాంబర్ ఆఫ్ సీక్రెట్స్' వేద్దామని అసోసియేషన్ వాళ్ళు అన్న దగ్గర్నుంచీ ఇదే గోల. "ఈ సినిమా మీ పిల్లలకి చూపించే ముందు ఒక్కసారి ఆలోచించండి" అని మొదలై ఆరు పాయింట్లతో నడుస్తుంది. పంపినవాళ్ళందరూ కింద ఒక దండం బొమ్మ పెట్టి వదిలేస్తున్నారు. ఏటండీ ఇది? ఒక్కరైనా ఆరో పాయింటు దాకా చదివారా?

మొదటి పాయింటు: ఇందులో ఉన్నవి అసలైన క్షుద్ర మంత్రాలట. 1998లో జె.కె. రోలింగ్ పిల్లల కోసం రాసిన నవల అది. మంత్రాల్లో చాలావరకు లాటిన్ ముక్కలకి తోకలు తగిలించి అల్లినవే. మా పక్క ఫ్లాట్ బుడ్డోడు చీపురుపుల్ల పట్టుకుని వాళ్ళమ్మ మీద "ఎక్స్‌పెల్లియార్మస్" ప్రయోగిస్తూనే ఉన్నాడు. ఆవిడ చేతిలో అట్లకాడ ఇంతవరకూ జారలేదు.

రెండోది: మొదటి భాగం తీసిన దర్శకుడు భయపడి పారిపోతే దీన్ని ఇంకెవరో తీశారట. రెండూ తీసింది క్రిస్ కొలంబసే. 2004లో వచ్చిన మూడోదానికి అల్ఫోన్సో క్వారోన్ దర్శకుడు, దానికీ కొలంబస్ నిర్మాతల్లో ఒకడు. పారిపోవడమంటే ఇలా ఉంటుందన్నమాట.

మూడోది చదివితే మాత్రం ఒళ్ళు మండింది. సినిమాలో హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్ వేషం వేసినాయన "శాపం తగిలి" సినిమా విడుదలకి ముందే పోయాడట. రిచర్డ్ హారిస్ 2002 అక్టోబరు 25న పోయిన మాట నిజమే, సినిమా నవంబరు 15న విడుదలైందీ నిజమే. ఆయనకి 72 ఏళ్ళు, వచ్చింది హాడ్జ్‌కిన్స్ అనే క్యాన్సర్. ఈ గ్రూపులో క్యాన్సర్‌తో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళూ ఈ మెసేజి చదువుతారన్న ఇంగితమైనా ఉండాలి కదా.

నాలుగోది: పరాయి మాయలు, మన సంస్కృతికి విరుద్ధం. బాలనాగమ్మ కథ ఎవరిది మరి? మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని మన తాతమ్మలు చెప్తే నోరు తెరుచుకుని విన్నవాళ్ళమే కదా మనమంతా. ఈ సినిమాలో దుర్మార్గుడు టామ్ రిడిల్ చిలక బదులు డైరీని ఎంచుకున్నాడు. చిలక మెడ విరిస్తే ఫకీరు పోతాడు, డైరీలో పాము కోర గుచ్చితే వీడు పోతాడు. పైగా ఆ డైరీ సంగతి ఇప్పటి పిల్లలకి తెలియాల్సిందే. ఏం రాసినా తీయగా జవాబిచ్చే ఒక అపరిచితుడికి పదకొండేళ్ళ పిల్ల జిన్నీ ఇంట్లో చెప్పుకోలేని దిగులంతా రాసుకుంటుంది, వాడి గుప్పిట్లోకి పోతుంది. పిల్లల చేతికి ఫోనిచ్చిన తల్లిదండ్రులు పక్కన కూర్చుని చూడాల్సిన భాగం అది.

ఐదోది: ఈ సినిమా పిల్లలకి పాములతో మాట్లాడటం నేర్పుతుంది, పాముల గురించి అబద్ధాలు నూరిపోస్తుంది. మొదటి ముక్క తప్పు. హ్యారీ పాముతో మాట్లాడాడని తెలియగానే స్కూలంతా వాణ్ని వెలేసినట్టు చూస్తుంది, అదేదో గొప్ప విద్య అని సినిమాలో ఎవరూ అనరు.

రెండో ముక్క మాత్రం ఒప్పుకోవాల్సిందే. పాము విషయంలో సినిమా అన్యాయమే చేసింది. చూపుతో చంపే బాసిలిస్క్ అనే పెద్ద పాము, దుర్మార్గుల జట్టుకి పాము గుర్తు, పాము అంటేనే కీడు అన్న ధోరణి. ఈ కొండ పక్క కాలనీల్లో వానాకాలం వస్తే మెట్ల కింద కనబడేవాటిలో ఎక్కువ జెర్రిపోతులే. దానికి విషం లేదు, ఎలకల్ని తిని పోతుంది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసిన చేతులతోనే మనవాళ్ళు దాని మీదికి కర్రలు తీస్తారు. ఈ సినిమా చూసిన పిల్లలు ఇంకో రెండు కర్రలు అందిస్తారేమో, కాదనను. ఇంకోటి కూడా ఒప్పుకుంటాను: 161 నిమిషాల సినిమా, అందులో ఆ సాలీళ్ళ సీను, ఐదారేళ్ళ వాళ్ళకి పనికిరావు.

ఇక ఆరో పాయింటు. అసలు ఇదంతా రాయడానికి కారణం అదే. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "సినిమాలో పాము కాటుకి పక్షి కన్నీళ్ళు మందు. పిల్లలు నమ్మితే ఎంత ప్రమాదం! వాళ్ళకి మన పెద్దల అసలైన వైద్యం నేర్పండి." ఆ అసలైన వైద్యం ఏమిటయ్యా అంటే: కాటుకి పైన తాడు బిగించాలి, గాటు పెట్టి రక్తం పీల్చి ఉమ్మాలి, వేపాకు, మిరపకాయ తినిపించి రుచి తెలిస్తే విషం లేదనుకోవాలి, తెలియకపోతే నల్లరాయి పెట్టించి మంత్రం వేయించాలి.

సినిమాలో ఆ పక్షి, ఫీనిక్స్ కోసం ఆకాశంలోకి చూస్తూ కూర్చున్న పిల్లాణ్ని నేనెప్పుడూ చూడలేదు. తాడు బిగించి తీసుకొచ్చినవాళ్ళని మాత్రం ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసిన రోజుల్లో చూశాను. ఒకాయన పిక్క మీద పశువుల పలుపుతాడు చర్మంలోకి దిగిపోయి ఉంది, దాని కింద పాదం వంకాయ రంగుకి తిరిగింది. విషం ఆగలేదు, నెత్తురు మాత్రం ఆగింది. అలాంటి తాడు ఉన్నట్టుండి విప్పినా ముప్పే, అక్కడ నిలిచిన విషమంతా ఒక్కసారి ఒంట్లోకి పోతుంది.

గాటు సంగతి. పాము కాటు కేసు రాగానే మేం చేసే టెస్టు ఒకటుంది. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలోకి కాస్త రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెడతాం. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, సబ్బుతో కడిగిందీ పనికిరాదు. టైమవగానే ఒక్కసారి వంచుతాం. మామూలు రక్తమైతే గడ్డ కట్టి అలాగే ఉంటుంది. రక్తపింజరి విషం ఎక్కిందైతే నీళ్ళలా గోడ వెంట జారిపోతుంది. ఆ జారే రక్తం ఉన్న మనిషి కాలి మీద బ్లేడు పెట్టమని మీరు నలభై గ్రూపులకి పంపుతున్నారు. పెట్టాక ఆపేదెవరు? దండం బొమ్మ ఆపుతుందా?

వేపాకు టెస్టు ఇంకా ఘోరం. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. చాలాసార్లు కాటు గుర్తు కూడా కనబడదు, వాపు ఉండదు, నొప్పి ఉండదు. ఏదో పురుగనుకుంటారు. తెల్లారుజామున కడుపులో నొప్పంటారు, కనురెప్పలు వాలిపోతుంటాయి, ఆ తర్వాత ఊపిరి. ఆ మనిషికి రాత్రి రెండింటికి వేపాకు తినిపిస్తే చేదుగానే ఉంటుంది. చేదుగా ఉంది కదా, పర్వాలేదు, పడుకోమంటారు.

"మా ఊళ్ళో మంత్రంతో బతికారు" అంటారా, బతుకుతారు. కరిచే పాముల్లో విషం లేనివే ఎక్కువ. విషమున్నది కూడా ఒక్కోసారి విషం దింపకుండానే కరిచి పోతుంది. అలాంటివాళ్ళకి మంత్రం వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. పేరు మంత్రగాడికి, నిందేమో ఆలస్యంగా కేసు చేతికొచ్చిన డాక్టరుకి.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువగా పోతున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. వీళ్ళెవరికీ హ్యారీ పాటర్ చూసే తీరిక ఉండి ఉండదు.

పిల్లలకి చెప్పాలనుకుంటే అసలు మందు కథ చెప్పండి, సినిమా కంటే వింతగా ఉంటుంది. మద్రాసు దగ్గర ఇరుల గిరిజనుల సహకార సంఘం వాళ్ళు పాముల్ని పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషాన్నీ కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కిస్తారు. గుర్రం చావదు, దాని రక్తంలో విరుగుడు తయారవుతుంది. ఆ రక్తం నుంచి తీసిందే ఆసుపత్రిలో ఎక్కించే మందు. నాలుగింటికీ ఒకటే కాబట్టి పాముని చంపి సంచిలో వేసుకు రానక్కర్లేదు. (అడవుల్లో ఉండే గిరినాగుకి ఇది పనిచేయదు, అయితే అది మనుషుల్ని కరవడం చాలా అరుదు.) చిన్నపిల్లలకైనా పెద్దల డోసే ఇస్తారు, పిల్లాడని పాము తక్కువ విషం దింపదు కదా. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. చేయాల్సిందల్లా ఉంగరాలు, గాజులు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా చూసి, నడిపించకుండా 108కి ఫోన్ చేయడం, లేదా ఏ బండి దొరికితే ఆ బండిలో విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో, మందున్న దగ్గరి ఆసుపత్రికో పోవడం.

వదినా, మొదటి ఐదు పాయింట్లూ మీ ఇష్టం, ఎంతమందికి కావాలంటే అంతమందికి పంపుకోండి. ఆరోది మాత్రం తీసేయండి, ఇప్పటికే పంపిన గ్రూపుల్లో తప్పని ఒక్క ముక్క రాయండి. అసోసియేషన్ వారికి: సినిమా వేయండి, ఆరేళ్ళ లోపు వాళ్ళని ఇంటర్వెల్‌లో కిందికి దించేద్దాం. అంతకన్నా ముందు టెర్రస్ మెట్ల దగ్గర పోయిన లైటు మార్పించండి. జనరేటర్ వెనక పారేసిన అట్టపెట్టెలు, చెత్త ఎత్తించండి. అక్కడ ఎలకలున్నాయి, ఎలకల కోసం ఏమొస్తుందో మీకు తెలుసు.