సవరణ: కోర్టు ఆఫీస్ సబార్డినేట్ (అటెండర్) పోస్టుకు డిగ్రీవాళ్లు అర్హులు కారు

తెలంగాణ జిల్లా కోర్టుల ఉద్యోగాల గురించి మొన్న రాసిన పోస్టులో "ఆఫీస్ సబార్డినేట్‌కు ఏడో తరగతి చాలు, డిగ్రీ ఉన్నవాళ్లు కూడా పెట్టుకోవచ్చు" అన్నాను. రెండో సగం తప్పు. హైకోర్టు నోటిఫికేషన్లలోని అర్హతల పట్టిక ప్రకారం ఈ పోస్టుకు ఏడు నుంచి పది మధ్య చదివినవాళ్లే అర్హులు. పదికి మించి చదివితే అప్లై చేయడానికి లేదు. కనీస అర్హత చూసి, పైన పరిమితి ఉందన్న వాక్యం వదిలేశాను.

చాలామంది ఇంటర్, డిగ్రీ సంగతి దాచి టెన్త్ మెమో ఒక్కటే పెడదామా అని అడుగుతున్నారు. వద్దు. తర్వాత బయటపడితే వచ్చిన ఉద్యోగమే పోతుంది.

ఎక్కువ చదివినవాళ్లకు దారి లేదని కాదు. ప్రాసెస్ సర్వర్‌కు టెన్త్, రికార్డ్ అసిస్టెంట్‌కు ఇంటర్, జూనియర్ అసిస్టెంట్‌కు డిగ్రీ కావాలి. కాపీయిస్టు (కోర్టు కాగితాలకు నకళ్లు తయారుచేసేవారు), టైపిస్టు పోస్టులకైతే ఇంగ్లిష్ టైప్‌రైటింగ్ హయ్యర్ గ్రేడ్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. ప్రాసెస్ సర్వర్ అంటే ఎండలో తిరిగే పని: సమన్లు పట్టుకుని ఇల్లు వెతకాలి, తీసుకున్నవాళ్లతో సంతకం పెట్టించుకోవాలి, తీసుకోనంటే తలుపుకు అంటించి, ఎవరి ఎదుట అంటించారో రాసి కోర్టుకు రిపోర్టు ఇవ్వాలి. అది తెలిసే పెట్టుకోండి.

ఇంకోటి, ఇవి టీజీపీఎస్సీ (రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్) పోస్టులు కావు. నోటిఫికేషన్ కోసం హైకోర్టు వెబ్‌సైటే చూడాలి. పాత పోస్టును ఎవరికైనా పంపి ఉంటే ఇది కూడా పంపండి.