నవల చదివాక తరగతి రెండుగా చీలాలి

ఏప్రిల్ వచ్చిందంటే మా స్టాఫ్‌రూమ్ బల్ల మీద పుస్తకాల గుట్ట పెరుగుతుంది. వచ్చే విద్యా సంవత్సరానికి ఖాయం చేసుకోమని పబ్లిషర్ల మనుషులు శాంపిల్ కాపీలు ఇచ్చి వెళ్తారు. ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లీష్ వాచకంతో పాటు ఒక నవల కూడా పెట్టాలని మా స్కూల్లో నియమం. మంచి నియమమే. కానీ ఆ నవలను ఎంచుకునే పని పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఎన్ని పేజీలు? రేటెంత? ఏదైనా నీతి ఉందా? ఈ మూడూ కుదిరితే సంతకం పెట్టేస్తారు. పిల్లలు దాన్ని ఇష్టపడి చదువుతారా అన్న మాట ఎవరి నోటా రాదు. నేను కూడా చాలా ఏళ్లు అడగలేదు.

హైదరాబాద్‌లో ఇంగ్లీష్ టీచర్‌గా పద్నాలుగేళ్లు పూర్తి చేశాను, ఎక్కువ భాగం ఉప్పల్ వైపే. ఈ ఊళ్లో ఇంగ్లీష్ అంటే ఉద్యోగం, ఇంటర్వ్యూ, వీసా. ఆటో నడిపే తండ్రి కూడా అప్పు చేసి ఇంగ్లీష్ మీడియంలో చేర్పిస్తాడు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం మొదలైంది. భాష కోసం ఇంత తపించే ఊళ్లో, ఒక ఇంగ్లీష్ నవలను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తనంతట తాను చదివిన పదో తరగతి పిల్లలు నా క్లాసుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉండేవారు. రాష్ట్ర బోర్డు వాచకంలో పాఠాలు హాస్యం, మానవ సంబంధాలు, జీవవైవిధ్యం, మానవ హక్కులు అని విషయాల వారీగా ఉంటాయి. మంచి పాఠాలే. కానీ ఒక మనిషి వెంట వంద పేజీలు నడిచే అవకాశం వాటిలో ఉండదు. ఆ నడక వల్ల వచ్చే భాష వేరు.

2010 తర్వాత కొన్నేళ్లు సీబీఎస్‌ఈ ఆ ప్రయత్నం చేసింది. తొమ్మిదో తరగతికి ‘గలివర్స్ ట్రావెల్స్’, ‘త్రీ మెన్ ఇన్ ఎ బోట్’, పదో తరగతికి ఆన్ ఫ్రాంక్ డైరీ, హెలెన్ కెల్లర్ ఆత్మకథ పెట్టింది. తర్వాత తీసేసింది. అప్పుడు నేను సీబీఎస్‌ఈ స్కూల్లోనే ఉన్నాను. ‘త్రీ మెన్ ఇన్ ఎ బోట్’ 1889 నాటి పుస్తకం. థేమ్స్ ఒడ్డున ఊళ్ల చరిత్ర వచ్చే పేజీల్లో క్లాసంతా కునుకు తీసేది. టిన్ ఓపెనర్ మర్చిపోయిన ముగ్గురు మిత్రులు పైనాపిల్ డబ్బాను తెరవడానికి కత్తితో, రాయితో, చివరికి పడవ తెరచాప కొయ్యతో కుస్తీ పట్టే ఘట్టం వచ్చేసరికి మాత్రం అందరూ కడుపుబ్బా నవ్వారు. వెనక బెంచీలో కూర్చునే ఒకడు “మేడం, మళ్లీ చదవండి” అన్నాడు. వాడు నన్ను ఏదైనా మళ్లీ చదవమనడం అదే మొదటిసారి.

ఆ నెలాఖరు పరీక్షలో ఆ ముగ్గురు మిత్రుల్లో ఒకడైన హారిస్ గురించి క్యారెక్టర్ స్కెచ్ రాయమన్నాం. పిల్లలు కోఠిలో కొన్న గైడ్ తెరిచారు. ముప్ఫై మంది జవాబుల్లో ఒకే వాక్యాలు, అవే విశేషణాలు. నవ్విన పిల్లవాడి పేపర్లోనూ అవే. పుస్తకాన్ని మేమే చంపేశామని ఆ పేపర్లు దిద్దుతూ ఒప్పుకున్నాను. ఎంపికలో సగం తప్పు, అడిగిన ప్రశ్నలో సగం తప్పు.

అప్పటి నుంచి నవల ఎంచుకోవడానికి నాకు ఒకటే కొలత. చదివాక తరగతి రెండుగా చీలుతుందా? కథలో ఎవరో ఒకరు ఏదో ఒక నిర్ణయం తీసుకోవాలి. అది సరైనదని సగం మంది, తప్పని సగం మంది వాదించుకోవాలి. పద్నాలుగేళ్ల వయసులో పిల్లల బుర్ర నిండా న్యాయం, అన్యాయం గురించిన గొడవే ఉంటుంది. టీచర్ ఎవరి పక్షం వహించారు, ఫ్రెండ్ ఎందుకు మాట తప్పాడు, తమ్ముడికి ఫోన్ ఇచ్చి తనకెందుకు ఇవ్వలేదు. ఈ గొడవను కదిపే కథను వాళ్లు చదువుతారు. చివరి పేజీలో నీతి పలికే కథను చదవరు. ఎవరు మంచి, ఎవరు చెడ్డ అని రచయితే తేల్చేస్తే పిల్లలకు చేయడానికి పనేం మిగులుతుంది?

ఆర్.కె. నారాయణ్ ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ 1935లో వచ్చింది. పాతదని, చిన్నపిల్లల పుస్తకమని చాలామంది పక్కన పెడతారు. నా అనుభవంలో తొమ్మిదో తరగతిలో ఇంతగా వాదన రేపిన పుస్తకం ఇంకోటి లేదు. క్రికెట్ ప్రాక్టీస్ కోసం స్వామి డ్రిల్ క్లాసులు ఎగ్గొడతాడు. హెడ్మాస్టర్ బెత్తం తీస్తే దాన్ని లాక్కుని విసిరేసి బడి నుంచి, ఆ తర్వాత ఊరి నుంచి పారిపోతాడు. ఎంతో ముఖ్యమైన మ్యాచ్‌కు అందకుండా పోతాడు. జట్టు ఓడిపోతుంది. కెప్టెన్ రాజం మాట్లాడటం మానేస్తాడు. చివరికి రాజం వాళ్ల నాన్నకు బదిలీ అయి, కుటుంబం రైలెక్కి వెళ్లిపోతుంటే, స్వామి తన అండర్సన్ కథల పుస్తకాన్ని స్నేహితుడు మణి చేత అందిస్తాడు. రైలు కదిలిపోతుంది. రాజం క్షమించాడా లేదా? నారాయణ్ చెప్పడు.

ఈ చివరి పేజీ దగ్గర నా క్లాసులో రెండు పీరియడ్లు గొడవ జరిగింది. “పుస్తకం తీసుకున్నాడంటే క్షమించినట్టే” అని ఒక జట్టు. “తీసుకున్నాడు గానీ ఒక్క మాటైనా మాట్లాడాడా?” అని ఇంకో జట్టు. రాజం ఉత్తరం రాస్తానన్నాడని స్వామికి చెప్పే మణి నిజమే చెబుతున్నాడా, స్నేహితుడి మనసు నొచ్చుకోకూడదని అబద్ధం ఆడుతున్నాడా అని ఒకమ్మాయి కొత్త ప్రశ్న లేపింది. ఆ ప్రశ్న నాకే తట్టలేదు. దానికి జవాబు వెతకడానికి ముప్ఫై ఎనిమిది మంది ఎవరూ చెప్పకుండానే ఆఖరి అధ్యాయాన్ని మళ్లీ చదివారు. ఈ నారాయణే 1980ల్లో రాజ్యసభకు నామినేట్ అయ్యాక అక్కడ పిల్లల పుస్తకాల సంచీ బరువు గురించి మాట్లాడారు. ఆ చర్చ తర్వాతే యశ్‌పాల్ కమిటీ ఏర్పడి, 1993లో భారం లేని చదువు గురించి నివేదిక ఇచ్చింది. పిల్లల పక్షాన రాసినవాడు పార్లమెంటులోనూ పిల్లల పక్షానే నిలబడ్డాడని చెబితే క్లాసులో చప్పట్లు కొట్టారు.

రెండో సంగతి భాష స్థాయి. పాల్ నేషన్ భాషా బోధనలో పేరున్న పరిశోధకుడు. మార్సెల్లా హుతో కలిసి ఆయన 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఎవరి సాయమూ లేకుండా కథను హాయిగా అర్థం చేసుకోవాలంటే అందులోని పదాల్లో 98 శాతం ముందే తెలిసి ఉండాలి. అంటే 300 పదాల పేజీలో తెలియనివి ఆరుకు మించకూడదు. నేను చేసే పని సులువు. పుస్తకం మధ్యలో ఏదో ఒక పేజీ తీసి, క్లాసులో నడిమి స్థాయి పిల్లలు ఐదారుగురికి ఇచ్చి, తెలియని మాటల కింద పెన్సిల్ గీత పెట్టమంటాను. పేజీకి పదిహేను గీతలు పడితే ఆ పుస్తకం ఎంత గొప్పదైనా ఈ ఏడాదికి వద్దు. ఫస్ట్ ర్యాంకర్‌కు ఇచ్చి చూడటం వల్ల లాభం లేదు. ఆ పిల్ల ఏదిచ్చినా చదువుతుంది.

కష్టమైన క్లాసిక్‌ను కుదించి ఇస్తే సరిపోదా అంటారు. ఈ ఆలోచనకు మన ఉపఖండంలోనే మూలం ఉంది. 1920ల్లో ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలకు అందని పాత మాటలు తీసేసి, తరచూ వాడే మాటలతో రీడర్లు తయారుచేశాడు. ఇంటర్‌లో మా తరం చదివిన నాన్-డీటెయిల్డ్ పుస్తకాలు ఆ వంశానివే. చిన్న తరగతుల్లో వాటి ఉపయోగం నేను కాదనను. కానీ తొమ్మిదో తరగతికి వచ్చేసరికి, గొప్ప నవల తాలూకు ఎముకల గూడు కన్నా తేలిక భాషలో రాసిన నవలను మొత్తంగా ఇవ్వడమే నాకు నచ్చుతుంది. కుదింపులో ముందుగా పోయేది సంభాషణ. పిల్లలు వాదించుకోవడానికి పట్టు దొరికేదేమో అక్కడే.

ఆసక్తిగా చదివితే భాష వస్తుందనడానికి రుజువేమిటని ప్రిన్సిపాళ్లు అడుగుతారు. ఎల్లీ, మంగూభాయి అనే ఇద్దరు పరిశోధకులు 1980ల మొదట్లో ఫిజీ పల్లెటూరి బడుల్లో నాలుగు, ఐదు తరగతుల పిల్లల మధ్యకు ఒక్కో క్లాసుకు 250 దాకా కథల పుస్తకాలు తెచ్చి పెట్టారు. ఆ పిల్లలకూ మన పిల్లల్లాగే ఇంగ్లీష్ ఇంటి భాష కాదు. మామూలు పాఠాలు చదివిన పిల్లల కన్నా వీళ్లు చదివి అర్థం చేసుకోవడంలో బాగా ముందుకు వెళ్లారు. రెండో ఏడాదికి ఆ లాభం రాయడంలో, వ్యాకరణంలో కూడా కనిపించింది. మార్కుల భాష మాత్రమే వినేవారికి నేను ఈ ఫిజీ కథే చెబుతాను.

కథ మన ఊరిదే కావాలా? అక్కర్లేదు. అమెరికా రచయిత లూయిస్ సాచర్ ‘హోల్స్’ 1998లో వచ్చింది. చేయని దొంగతనానికి శిక్ష పడిన ఒక అబ్బాయి, టెక్సస్ ఎడారిలోని క్యాంపులో రోజూ ఐదడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు గొయ్యి తవ్వాలి. మా పిల్లల్లో ఎడారి చూసినవాళ్లు లేరు. కానీ రెండో అధ్యాయానికే ఒకడు “మేడం, మా అన్నయ్య హాస్టల్ ఇలాగే ఉంటది” అన్నాడు. తెల్లవారుజామున లేపడం, స్టడీ అవర్లు, ఫోన్ కోసం ఆదివారం దాకా ఎదురుచూడటం వాళ్లకు తెలుసు. అయితే ఏటా విదేశీ కథలే చదివితే, పుస్తకాల్లోకి ఎక్కేది వేరే ఎవరి జీవితాలో అన్న భావం పిల్లల్లో నాటుకుంటుంది. అందుకే రెండో టర్మ్‌కు పద్మా వెంకట్రామన్ ‘ది బ్రిడ్జ్ హోమ్’ పెట్టాను. 2019లో వచ్చిన నవల. విజి, రుక్కు అనే ఇద్దరు ఆడపిల్లలు ఇంటి నుంచి పారిపోయి చెన్నైలో పాడుబడిన వంతెన మీద ఇద్దరు మగపిల్లలతో కలిసి బతుకుతారు. చెత్త ఏరి పొట్ట పోసుకుంటారు. చిన్న వాక్యాలు, చిన్న అధ్యాయాలు. పెద్దవాళ్లను నమ్మాలా వద్దా అన్న దగ్గర క్లాసు చీలిపోయింది. ఎప్పుడూ నోరెత్తని అమ్మాయిలే ఎక్కువ మాట్లాడారు.

మన నగరంలోనే ఉన్న అన్వేషి సంస్థ ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో దళిత, ముస్లిం ఇళ్ల పిల్లల కథలను ఇంగ్లీష్, తెలుగు, మలయాళంలో తెచ్చింది. అవి నవలలు కావు, చిన్న పుస్తకాలు. అయినా నవలకు ముందు వారం రోజులు వాటిని చదివితే పిల్లల జంకు పోతుంది. ఇంట్లో తలకాయ కూర వండుకునే పిల్లలు ఆ సంగతి ఇంగ్లీష్‌లో కూడా చెప్పొచ్చని తెలుసుకుంటారు.

ఇక అభ్యంతరాలు. ఎస్.ఇ. హింటన్ ‘ది అవుట్‌సైడర్స్’ పెట్టిన ఏడాది ఒక తల్లి ఫోన్ చేశారు. “అందులో సిగరెట్లు, కత్తిపోట్లు ఉన్నాయంట కదా మేడం.” ఉన్నాయి. రాయడం మొదలుపెట్టినప్పుడు రచయిత్రి వయసు పదిహేను. 1967లో అచ్చయ్యేసరికి పద్దెనిమిది. పెద్దవాళ్లు తన వయసు వాళ్ల గురించి నిజం రాయడం లేదన్న కోపంతో రాసింది. ఆ కోపం ప్రతి పేజీలో వినిపిస్తుంది కాబట్టే పిల్లలు దాన్ని వదలరు. ఫోన్ చేసిన ఆ తల్లిని పిలిచి పుస్తకం ఇచ్చాను. చదివి తెచ్చి, “బాగుంది, కానీ మా అబ్బాయికి ఇంకో రెండేళ్లు ఆగుదాం” అన్నారు. ఆ అబ్బాయికి వేరే పుస్తకం ఇచ్చాను. ఆమె చదివాక వద్దన్నారు కాబట్టి ఆ మాటను గౌరవించాను. చదవకుండానే పుస్తకం మార్చమనే యాజమాన్యాలతోనే నాకు పేచీ. హింసను సరదాగా చూపించే పుస్తకం నేనూ పెట్టను. హింస వల్ల ఏం పోగొట్టుకుంటామో చూపించే పుస్తకాన్ని దాచడం మాత్రం ఒప్పుకోను. ఆ పిల్లల ఫోన్లలో ఇంతకంటే ఘోరమైనవి రాత్రుళ్లు ఒంటరిగా కనిపిస్తున్నాయి. క్లాసులో అయితే పక్కన మాట్లాడటానికి మనుషులుంటారు.

ఏ పుస్తకమైనా మొదటి రెండు అధ్యాయాలు నేనే పైకి చదువుతాను. మధ్యలో ఆగి అర్థాలు చెప్పను. వాక్యానికో తెలుగు అనువాదం చెబుతూ పోతే కథ ఊపు చచ్చిపోతుంది. వాదన ఏ భాషలోనైనా చేయొచ్చు. మా క్లాసులో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ ఇళ్ల పిల్లలున్నారు, కొట్లాట అన్నింటిలోనూ నడుస్తుంది. షరతు ఒక్కటే. తన మాటకు ఆధారం చూపాలంటే పుస్తకంలోని వాక్యాన్ని ఇంగ్లీష్‌లో పైకి చదవాలి. ఆ ఒక్క వాక్యం కోసం పేజీలు తిరగేస్తారు, అలా తిరగేసేటప్పుడు చదివేస్తారు.

డబ్బు గురించి కూడా చెప్పాలి. ఒక్కో కాపీ 350 రూపాయలనుకుంటే 38 మందికి 13,300. తల్లిదండ్రుల మీద వేస్తే భారం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చవకగా దొరుకుతాయి గానీ ఒకే పుస్తకానికి 38 కాపీలు దొరకవు. డిసెంబర్ బుక్ ఫెయిర్‌లో టోకున తగ్గింపు అడిగి, స్కూలే ఒక సెట్ కొని లైబ్రరీలో పెడితే జాగ్రత్తగా వాడుకున్నన్నాళ్లూ పనికొస్తుంది. దగ్గరదగ్గరగా ఉన్న నాలుగు ప్రభుత్వ బడులు నాలుగు నవలల సెట్లు కొని టర్మ్‌కొకసారి మార్చుకోవచ్చు. దీనికి జీవో అక్కర్లేదు, నలుగురు హెడ్మాస్టర్లు కూర్చుంటే చాలు.

ఇన్ని చేసి, చివర్లో మళ్లీ క్యారెక్టర్ స్కెచ్ అడిగితే పిల్లలు మళ్లీ కోఠి బాట పడతారు. పోయిన అర్ధ సంవత్సర పరీక్షలో మేం అడిగిన ప్రశ్న ఇది: రాజం స్వామిని క్షమించాడని మీరు అనుకుంటున్నారా? ఆఖరి అధ్యాయం నుంచి రెండు ఆధారాలు చూపండి. ఐదు మార్కులు. పుస్తకం దగ్గర పెట్టుకుని రాయొచ్చు. దిద్దే టీచర్లకు ఇచ్చిన సూచనలో, ఆధారం సరిగ్గా చూపితే అవునన్నా కాదన్నా ఐదుకు ఐదు వేయాలని రాశాం.