శ్రీ ‘తర్వాత ఏరుదాంలే’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘తర్వాత ఏరుదాంలే’ గారి దివ్యసముఖమునకు,

మీ పాత శిష్యుడొకడు రిమోట్ విమానాల మైదానం నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. విమానాలే క్షేమంగా లేవు. పోయిన నెల ఒక్క ఆదివారమే మూడు కూలాయి. తోకలు, రెక్కల కొసలు, ముక్కులు ఎక్కడ పడ్డవి అక్కడే ఉన్నాయి కాబట్టి తమరు కూడా కులాసాగానే ఉన్నారని తలుస్తాను.

మీరెవరో తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటాక, ఎప్పుడో ప్లాట్లు చేసి అమ్ముడుపోక వదిలేసిన వెంచర్ ఒకటుంది. ఆర్చి ఉంది, హద్దురాళ్లున్నాయి, ఇళ్లు లేవు. మధ్యలో వేసిన నలభై అడుగుల రోడ్డే మా రన్‌వే. ఆదివారం పొద్దున ఆరింటికి, గాలి లేవకముందే, పదిమందిమి కార్ల డిక్కీలు తెరిచి రిమోట్ విమానాలు దింపుతాం. ఇంటర్ కుర్రాడి నుంచి రిటైరైన బ్యాంకు మేనేజరు దాకా ఉన్నాం. ఎనిమిదిన్నర కల్లా ఎవరిదో ఒకరిది కూలుతుంది. అప్పుడు వేంచేస్తారు తమరు.

మీ రాకకి ముందు జరిగే తంతు చూసి తీరాలి. కూలిన చోటికి నలుగురు పరిగెత్తుతారు. అందులో ఇద్దరు వీడియో తీయడానికి. యజమాని ఆముదం తాగిన మొహంతో మోకాళ్ల మీద కూలబడతాడు. ముందు బ్యాటరీ తీగ పీకుతాడు. ఆ తర్వాత మోటారు, స్పీడ్ కంట్రోలర్. రిసీవర్‌ని అయితే పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తీస్తాడు. రెక్కల అంచుల్ని కదిపే రెండు వందల రూపాయల బుల్లి మోటారు, అదే సర్వో, ఒకటి ఊడి ఎటో పడితే దానికోసం గడ్డి పరకలు ఒక్కొక్కటీ తప్పించి పావుగంట దేవులాడతాడు. తొమ్మిది గ్రాముల సర్వో దొరుకుతుంది. మీటరు పొడుగు రెక్క మాత్రం ఆయన కంటికి ఆనదు. మోకాళ్ల దుమ్ము దులుపుకుని లేచేటప్పుడు, ఎవరూ ఏమీ అడక్కుండానే, ఆయన నోటివెంట మీ నామస్మరణ వినిపిస్తుంది.

మీరు ఒంటరిగా రారు. వెంట మీ తమ్ముడు ‘ఏం కాదులే’, మేనల్లుడు ‘ఒక్క రౌండే కదా’ కూడా ఉంటారు. మైదానానికి కొన్ని మర్యాదలున్నాయి. ఎవరైనా విమానం దింపబోతుంటే ‘ల్యాండింగ్!’ అని గట్టిగా అరవాలి. మోటారు ఆగిపోతే ‘డెడ్ స్టిక్!’ అనాలి, అప్పుడు మిగతావాళ్లంతా దారివ్వాలి, ఎందుకంటే ఆ విమానానికి ఇంకో చుట్టు తిరిగే శక్తి లేదు. పడ్డ ముక్క తెచ్చుకోవడానికి రన్‌వే మీదకి వెళ్లాలంటే పైన ఎగరేస్తున్నవాళ్లకి చెప్పి వెళ్లాలి. ఇవన్నీ మాకు నోటికొచ్చు. కానీ అవతలివాడు ‘ల్యాండింగ్’ అని అరిచాక కూడా మీ మేనల్లుడు మా చెవిలో ఒక మాట ఊదుతాడు. పోయిన ఉగాది ముందు వారం రెండు విమానాలు రన్‌వే మీద ఆలింగనం చేసుకున్నది ఆ ఒక్క రౌండు చలవే.

కూలడానికి కారణం ఏమిటని మాత్రం ఎవరినీ అడక్కండి. అందరిదీ ఒకటే జవాబు: సిగ్నల్ పోయింది. ఒకప్పుడు ఈ జవాబుకి కొంత విలువుండేది. రేడియోలకి విడివిడి చానళ్లుండే రోజుల్లో మైదానంలో ఒక బోర్డు పెట్టి, దానికి చానల్ నంబర్లు రాసిన బట్టల క్లిప్పులు తగిలించేవారు. ఏ నంబరు క్లిప్పు నీ దగ్గరుంటే ఆ చానల్ నీది. క్లిప్పు లేకుండా ఎవడైనా రిమోట్ ఆన్ చేశాడో, అదే చానల్ మీద గాల్లో ఉన్నవాడి విమానం రాయిలా పడేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు ఆ గొడవ వాటంతట అవే చూసుకుంటాయి. అయినా సిగ్నల్ పోతూనే ఉంది. రిపేరు చేసి బిగించేటప్పుడు ఐలరాన్లు, అంటే రెక్కల అంచున విమానాన్ని పక్కకి వాల్చే పలకలు, తిరగబడి, స్టిక్ కుడికి తోస్తే విమానం ఎడమకి వాలిందని ఒప్పుకున్న మగాణ్ణి నేనింతవరకు చూడలేదు. నాతో సహా.

నేను కుర్రతనంలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నప్పుడు మీకు అసలు పరపతే లేదు. అప్పుడు మావి కంట్రోల్ లైన్ విమానాలు. రెండు ఉక్కు తీగలకి కట్టిన విమానం మన చుట్టూ గిరగిర తిరుగుతుంటే మనమూ దానితో తిరగాలి. మూడు నిమిషాల్లో కళ్లు తిరిగి ఇద్దరం పడేవాళ్లం, మేమూ విమానమూ. ఇంజిన్‌లో పోసేది మెథనాల్, అందులో ఆముదం. నిజంగానే ఆముదం, మన పాలమూరు చేలల్లో పండేదే. ఎగరేసి ఇంటికొస్తే చొక్కా అదే వాసన, అమ్మ గుమ్మంలోనే ఆపేసేది. ఆ విమానాలు బాల్సా చెక్కవి. బాల్సా ముక్క మట్టిలో పడితే చెదలు తింటాయి, రెండు వానలకి కలిసిపోతుంది. వదిలేసినా నష్టం తక్కువ. అయినా మా ఇన్‌స్ట్రక్టర్ వదలనిచ్చేవాడు కాదు. కూలగానే అందరినీ భుజాలు ఆనేలా వరసలో నిలబెట్టి, తల దించుకుని నడిపించేవాడు. దొరికినవన్నీ పాత దుప్పటి మీద విమానం ఆకారంలో పేర్చమనేవాడు. ఎక్కడ ఖాళీ కనిపిస్తే ఆ ముక్క ఇంకా నేల మీదే ఉన్నట్టు లెక్క. ముందు విరిగింది రెక్కో తోకో కూడా ఆ దుప్పటే చెప్పేది. అసలు విమానాశ్రయాల్లో రన్‌వేని రోజూ తనిఖీ చేసి, చిన్న బోల్టు దొరికినా తీసేస్తారని చెప్పేవాడు. పారిస్‌లో 2000 జులై 25న కాంకార్డ్ కూలి 113 మంది పోయారే, దానికి మొదలు అంతకుముందు వెళ్లిన ఇంకో విమానం నుంచి రన్‌వే మీద ఊడిపడ్డ మూరెడు లోహపు పట్టీ. ఆ పట్టీ టైరుని కోసింది, టైరు ముక్క ఎగిరి ఇంధనం ట్యాంకుని కొట్టింది. ఈ సంగతి విన్నాక మేం బాల్సా పుల్లల్ని కూడా దేవుడి ప్రసాదంలా ఏరేవాళ్లం.

తర్వాత ఫోమ్ వచ్చింది. మీ దశ తిరిగింది.

చవకరకం ఫోమ్ విమానమంటే, మర్యాద లేకుండా చెప్పాలంటే, మోటారు బిగించిన టీవీ ప్యాకింగు. నేలని తాకిందంటే రెక్క విరగదు, రాలుతుంది. సగ్గుబియ్యం గింజలంత తెల్ల పూసలు. చేత్తో తీస్తే చేతికి అంటుకుంటాయి, విదిలిస్తే ప్యాంటుకి అంటుకుంటాయి, ఊదితే హద్దురాయి దాటి పక్క చేలోకి పోతాయి. విరిగినదాన్ని అక్కడికక్కడే అతికిద్దామని ఒక కుర్రాడు ఫెవిక్విక్ పోశాడు. అది థర్మోకోల్‌ని అతికించదు, తినేస్తుంది. రెక్కలో గుప్పెడంత బొక్క పడింది. వాడు ఆ రెక్కని తుప్పలోకి గిరాటేసి మీ పేరు తలుచుకున్నాడు. చిన్న వయసులోనే ఎంత భక్తో!

ఇక మా వెంచర్ అసలు యజమానులు మేకలు. వాటిని తోలుకొచ్చే తాత మమ్మల్ని ఎప్పుడూ ఏమీ అనలేదు. మేకలు బెదురుతాయని తనే చెరువు వైపు తిప్పుకుని పోయేవాడు. మేం అడక్కుండానే దారిచ్చేవాడు, అంటే మైదానం మర్యాద ఆయనకి పుట్టుకతో వచ్చింది. ఒకరోజు మాత్రం చేతికర్ర ఆనించుకుని మా టెంటు దగ్గర నిలబడ్డాడు.

‘‘సారూ, గీ తెల్ల బెండు ముక్కలు మా మేకలు తింటున్నయ్. ఏం గాదు గదా?’’

అరగవు తాతా, కడుపులో పేరుకుంటాయి అని చెప్పాల్సింది. మా మేనేజరుగారు మాత్రం బ్యాటరీ చార్జింగ్ చూసుకుంటూ, తల ఎత్తకుండా, ‘‘తర్వాత ఏరుతాంలే తాతా’’ అన్నారు.

‘‘తర్వాత అంటే ఎప్పుడు సారూ? మేక గిప్పుడు తింటున్నది.’’

మీ సుదీర్ఘ ప్రస్థానంలో మీకు ఎదురైన మొదటి సూటి ప్రశ్న ఇదేననుకుంటాను. మా దగ్గర జవాబు లేదు. ఆ మాటకొస్తే మీ దగ్గరా ఉండదు.

ప్రభుత్వం మీ జోలికి రాలేదనుకోండి. 2021 డ్రోన్ నిబంధనల్లో మాలాంటి వాళ్లకి చోటుంది. సరదాకి, చదువుకి, కంటికి కనిపించేంత దూరంలో ఎగరేసుకునే మోడల్ విమానాలకి విడిగా ఒక నిర్వచనమే ఇచ్చారు. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరొచ్చు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటి 12 లోపు అయితే 200 అడుగులే. ఇప్పుడు హైదరాబాద్ మ్యాపు ముందేసుకుని చూడండి. దక్షిణాన శంషాబాద్, నడిమధ్య బేగంపేట, ఉత్తరాన హకీంపేట, ఇంకొంచెం పక్కకి దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. ఒక్కోదాని చుట్టూ కాంపాస్‌తో వృత్తం గీస్తే మాకు మిగిలేది అంచుల్లో నాలుగు పీలికలు. అందులో చెట్లు, కరెంటు తీగలు, ఇళ్లు, వరిచేలు పోగా ఎగరేయడానికి పనికొచ్చే నేల అరచేతిలో పట్టేస్తుంది. ఆ అరచేతిలోనే మేం చెత్త పోస్తున్నాం. చెత్త ఏరుకొమ్మని ఆ నిబంధనల్లో రాయలేదు కాబట్టి తమరు చట్టబద్ధంగానే తిరుగుతున్నారు, సంతోషం.

అమెరికాలో ఉన్న మా బావమరిది, నీకు ఇండియాలోనే ఇలా ఉంటుంది అంటాడు. 1936 నుంచీ అక్కడ మోడల్ విమానాల వాళ్లకి అకాడమీ అని ఒక సంఘముంది, ఇండియానాలోని మన్సీలో వాళ్లకి వెయ్యెకరాల సొంత మైదానముంది. కానీ బావమరిది ఎగరేసేది మన్సీలో కాదు, ఊరి చివర అద్దెకి తీసుకున్న మొక్కజొన్న చేను పక్కన. ఆ రైతు ఒక్క మెయిలు కొడితే క్లబ్బు మూత. బావమరిది పెట్టిన ఫొటోలో చెత్త డబ్బా ఉంది. దాని పక్కన ఏదో తోక కూడా పడి ఉంది. మీకు అక్కడా చుట్టాలున్నారని అర్థమైంది.

అసలు విషయానికొస్తాను. మొన్న ఆదివారం వెళ్లేసరికి ఆర్చి దగ్గర జేసీబీతో కందకం తవ్వి ఉంది. కారు పోదు. పక్క కంది చేను రైతు చెప్పి తవ్వించాడట. ఆయన బాధ ముక్కలొక్కటే కాదు. కూలిన విమానాన్ని వెతకడానికి మేం సాళ్ల వెంట నడవం, అడ్డంగా పడిపోతాం. పూత మీదున్న కందిని నడుముతో తోసుకుంటూ నలుగురు అటూ నలుగురు ఇటూ. విమానం పడ్డ వైపు దూరంగా ఒక తుమ్మ చెట్టునో స్తంభాన్నో గుర్తు పెట్టుకుని, ఒక్కడే, చెవి రిక్కించుకుని వెళితే చాలు. బ్యాటరీ ఊడిపోకపోతే, రిమోట్ కట్టేశాక చాలా విమానాల మోటారు కుయ్ కుయ్ మంటూనే ఉంటుంది. కానీ మేం రిమోట్లు పట్టుకుని గోల చేసుకుంటూ వెళతాం కదా, ఏం వినిపిస్తుంది?

కందకం అవతల తాత నిలబడి ఉన్నాడు. పక్కన మూతి కట్టిన యూరియా సంచి. ఏమీ అనకుండా మావైపు దొర్లించాడు. విప్పి రోడ్డు మీద కుమ్మరించాం.

నాలుగేళ్ల చరిత్ర. ఎర్ర చారల తోక, పసుపు ముక్కు, విరిగిన ప్రొపెల్లర్లు పదిహేను, కార్బన్ రాడ్డు పెచ్చులు, టేపు మీద టేపు వేసిన పొట్టభాగం. విచిత్రమేమిటంటే పక్కవాడి ముక్కని ప్రతివాడూ రంగుతో సహా గుర్తుపట్టాడు, ‘‘ఇది నీదే, దసరాకి కూల్చావు’’ అని తేదీలు కూడా చెప్పాడు. తన ముక్కని మాత్రం ఒక్కడూ గుర్తుపట్టలేదు. పెళ్లిచూపులకి వచ్చినంత పెద్దమనిషి తరహాలో చేతులు కట్టుకుని నిలబడ్డాం.

అట్టడుగున బ్యాటరీ ఉంది. మూడు సెల్స్ లైపో, అంటే లిథియం పాలిమర్ రకం, పూరీలా ఉబ్బి, మూల నొక్కుకుపోయి. దెబ్బతిన్న లైపో పడ్డ వెంటనే అంటుకోకపోవచ్చు, పది నిమిషాలకో అరగంటకో లోపల షార్టయ్యి భగ్గుమనొచ్చు. అందుకే కూలినదాన్ని కారులో పడేసుకోకుండా, గడ్డి లేని చోట వట్టి నేల మీద పెట్టి కాసేపు కాపలా కాయాలి, ఆ తర్వాత పొడి ఇసుక బకెట్టులో పెట్టుకుని పోవాలి. మాకందరికీ తెలుసు. తాతకి ఎవరూ చెప్పలేదు.

‘‘ఇది ఎక్కడ దాచావు తాతా?’’ అన్నాను.

‘‘గడ్డివాము పక్కకు. టార్చిలైటుకు పనికొస్తదేమో అని.’’

ఎవరూ మాట్లాడలేదు. మేనేజరుగారు వెళ్లి ఇసుక బకెట్ తెచ్చారు. నాలుగేళ్లలో మొదటిసారి అది డిక్కీలోంచి కిందకి దిగింది.

ఆ హడావిడిలో నేను ముక్కలన్నీ తిరిగి సంచిలో వేస్తున్నాను. నీలం రెక్క కొస ఒకటి చేతికొచ్చింది. దాని మీద పోతే దొరకాలని నేనే అంటించిన స్టిక్కరు, నా ఫోన్ నంబరు, ఎండకి వెలిసినా అంకెలు చక్కగా కనబడుతున్నాయి. మూడేళ్ల కిందటిది. ఆ రోజు ఐలరాన్లు తిరగబడ్డాయి. సిగ్నల్ పోయిందన్నాను.

‘‘ఎవరిదండీ అది?’’ అన్నాడు ఇంటర్ కుర్రాడు వెనకనుంచి.

నేను స్టిక్కరు మీద బొటనవేలు పెట్టి పట్టుకుని, ‘‘తర్వాత చూద్దాంలే’’ అన్నాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ కంటే ఒక్క మాటే తేడా ఉన్న
విధేయుడు