చూసినవారు ఎందరో, మాట్లాడినవారు సున్నా

మా వంశానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, సభ్యులు 47 మంది. పోయిన శ్రావణంలో ఒకరోజు పొద్దున్నే ఆరింటికి మా పెదనాన్న అందులో ఒక ఫార్వర్డ్ పెట్టారు. ఏదో గింజ రాత్రంతా రాగి చెంబులో నానబెట్టి పరగడుపున ఆ నీళ్లు తాగితే షుగరు మాత్రలు మానేయొచ్చట. కింద "పదిమందికీ పంపండి, ఒక ప్రాణం నిలబెట్టండి" అని కూడా ఉంది. మా చిన్నాన్న కూతురు ఎండీ చదివిన డాక్టరు. గ్రూపులో ఎవరు టైప్ చేస్తున్నారో పేరుతో సహా చూపిస్తుంది కదా వాట్సాప్, అక్కడ 6:14కి తన పేరు కనిపించింది. మా అందరి ఊపిరీ ఆగింది. 6:15కి తను ఒక దండం బొమ్మ పెట్టింది.

ఈ యుగపు మహా ఆవిష్కరణ ఆ దండమేనని నా దృఢమైన అభిప్రాయం. ఒప్పుకున్నట్టా అంటే కాదు, ఖండించినట్టా అంటే అసలే కాదు. మౌనం అర్ధాంగీకారం అన్న పెద్దలకి నీలం టిక్కులు తెలియవు. 2014లో అవి వచ్చాక వట్టి మౌనానికి మర్యాద పోయి, "చూసి కూడా పలకలేదు" అనే కొత్త నేరం పుట్టింది. ఇప్పుడు నోరు మూసుకోవాలన్నా ఏదో ఒకటి నొక్కాల్సిందే.

ఎప్పుడు మాట్లాడాలి అన్నదాని మీద నేను చాలా ఏళ్లు కృషి చేసి ఒక సూత్రం కనిపెట్టాను: విషయం ఎంత దూరాన ఉంటే అంత గట్టిగా మాట్లాడొచ్చు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసినప్పుడు ఆ దేశాధ్యక్షుణ్ణి ఏకవచనంలో, నాలుగు పేరాల్లో ఉతికి ఆరేశాను. మా వీధి చివర మూతలేని మ్యాన్‌హోల్ గురించి మాత్రం ఇప్పటిదాకా ఒక్క ముక్క రాయలేదు. ఆ కార్పొరేటరు మా ఇంటి ఓనరుకి తోడల్లుడు మరి.

అయితే ఈ సూత్రానికీ గండి పడింది. మా చెల్లెలి కొడుకు ఎమ్మెస్‌కి వెళ్లాలి. ఆ జూన్‌లోనే స్టూడెంటు వీసా అడిగేవాళ్లు సోషల్ మీడియా అకౌంట్లన్నీ తలుపులు బార్లా తీసి పెట్టాలని అమెరికా చెప్పేసిందట. చూసేది వాడి అకౌంట్లే కదమ్మా, నాకేంటి అన్నాను. "వాణ్ణి ట్యాగ్ చేశావు అన్నయ్యా!" అని ఏడ్చినంత పని చేసింది. నాలుగు పేరాలూ ఆ రాత్రే పోయాయి, 212 లైకులతో సహా. నాకు ఆ లైకుల మీదే బెంగ.

లైకంటే గుర్తొచ్చింది, అదీ చిన్న విషయం కాదు. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒకమ్మాయి ముంబై బంద్ మీద ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాస్తే, దాన్ని లైక్ కొట్టిన పాపానికి స్నేహితురాల్ని కూడా కలిపి అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఐటీ చట్టంలో, నెట్‌లో ఇబ్బందిపెట్టే రాతలకి శిక్ష వేసే ఆ 66ఏ సెక్షన్నే కొట్టేసింది. కొట్టేసిన సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో అదే కోర్టు నివ్వెరపోయింది. అంత దూరం ఎందుకు, కురుసభలో పెద్దలంతా తలలు దించుకుంటే, ఇది అన్యాయం అని లేచిన కౌరవుడు వికర్ణుడు. ఏం ఒరిగింది? అక్కడికక్కడే కర్ణుడి చేత చీవాట్లు తిన్నాడు, చివరికి భీముడి చేతిలోనే పోయాడు. తప్పించుకు తిరిగేవాడే ధన్యుడని మాకు బళ్లో ఊరికే బట్టీ పట్టించలేదు.

ఇంత తెలిసీ ఆ శ్రావణపు పొద్దున నాకు బుద్ధి గడ్డి తింది. 6:20కి "పెదనాన్నా, దయచేసి మాత్రలు మానకండి" అని రాసి పంపేశాను. పంపిన మరుక్షణం చేతులు చల్లబడ్డాయి. పంపింది అందరికీ కనపడకుండా చెరిపేసే సౌకర్యం 2017లో వచ్చినప్పుడు గడువు ఏడు నిమిషాలే, ఇప్పుడు రెండున్నర రోజులు ఇస్తున్నారు. నా ధైర్యానికి ఒక్క నిమిషం చాలింది. అయితే మెసేజ్ పోయినా, డిలీట్ చేశారు అనే బూడిదరంగు ముక్క ఒకటి అక్కడే ఉండిపోతుంది. మా గ్రూపు చరిత్రలో అంత చర్చ జరిగిన మెసేజ్ ఇంకోటి లేదు. మధ్యాహ్నానికల్లా పదకొండు మంది విడిగా అడిగారు, ఏం రాశావ్, ఆస్తి గురించేనా అని. అందరికీ దండం పెట్టాను.

దసరాకి ఊరెళ్తే, విస్తట్లో రెండో గారె వేస్తూ పెద్దమ్మ మెల్లగా అడిగింది.

"ఆ రోజు ఏం రాసి చెరిపేశావురా?"

"గుడ్ మార్నింగ్ అని, పెద్దమ్మా."

పక్కన పెదనాన్న అన్నం ముందు వేసుకోవాల్సిన షుగరు మాత్ర రేకులోంచి జాగ్రత్తగా తీసుకుంటున్నారు. ఉండబట్టలేక, ఆ గింజ నీళ్లు పని చేయలేదా అని అడిగాను.

"ఏ గింజరా?" అన్నారు.