పాత క్లచ్ ప్లేటు ఎక్కడండీ?

మహారాజశ్రీ బైపాస్ పక్కన మెకానిక్ షెడ్డు గారికి,

ఈ సాయంత్రమే తమకు 10,700 రూపాయలు సమర్పించుకున్న శ్రీకాకుళం వాస్తవ్యుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మా ఆల్టో కూడా క్షేమమే. తమరు కూడా క్షేమంగానే ఉండి ఉంటారు, ఆ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకోవడం నేను కళ్లారా చూశాను కదా.

"రెండింటికల్లా ఇచ్చీస్తాం సార్, ఒగ్గీసి వెళ్లండి" అన్నారు పొద్దున్న. ఆ మాట పట్టుకుని ఆఫీసులో ఒంటిపూట సెలవు పెట్టాను. రెండింటికి వస్తే "అయిపోనాది సార్, బోల్టులు బిగించడమే" అన్నారు. ఆ బోల్టులు దీపాలు పెట్టే వేళ దాకా బిగుస్తూనే ఉన్నాయి. ఈలోగా నేను ఏదో వ్యానులోంచి పీకి తెచ్చిన సీటు మీద, స్ప్రింగు గుచ్చుకోని చోటు వెతుక్కుంటూ కూర్చుని, తమ యజమాని గారు ఫోన్లో ఒకరి తర్వాత ఒకరికి "మీ బండి మీదే ఉన్నాం సార్" అని చెప్పడం విన్నాను. అప్పుడు ఏ బండి మీదా ఎవరూ లేరు. ఫోన్ పెట్టేసి, ఎదురుగా కూర్చున్న నాకు కూడా అదే మాట చెప్పారు చూడండి, అక్కడ మాత్రం మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

టీ ఇప్పించారు, కాదనను. అది బిల్లులో "ఇతరములు 450"లో కలిసిందేమోనని చిన్న అనుమానం.

ట్రయల్ పేరుతో మా బండి ఎంత దూరం తిరిగొచ్చిందో నాకు తెలీదు గానీ పెట్రోలు ముల్లుకి తెలుసు. సీటు వెనక్కి జరిగిపోయింది, స్టీరింగు మీద గ్రీజు వేలిముద్రలు, ఎఫ్ఎం మారిపోయింది. పోనీలెండి, ఇవన్నీ ప్రతి ఊళ్లోనూ ప్రతి షెడ్డులోనూ జరిగేవే, చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. బిల్లులో ఇంజిన్ ఆయిలు నాలుగు లీటర్లు రాశారు, మా ఆల్టో ఇంజిన్‌లో పట్టేది మూడు లీటర్లకి అటూ ఇటూ, మిగిలిన లీటరు ఎవరి బండి తాగిందో ఆ బండికి నా తరఫున శుభాకాంక్షలు. "సార్" అని పిలిస్తే ఒక రేటూ, "బావా" అని పిలిస్తే ఒక రేటూ అని కూడా నాకు తెలుసు. మెడలో ఐడీ కార్డు తియ్యకుండా రావడం చూసి తమరు నన్ను "సార్" అన్నప్పుడే లేబర్ చార్జీ ఎంత పడుతుందో లెక్క తేలిపోయింది.

ఇవన్నీ వదిలేస్తాను. నిజంగా వదిలేస్తాను. నాకు ఒక్కటే కావాలి. పాత క్లచ్ ప్లేటు.

సంగతి తమకు తెలిసిందే అయినా మళ్లీ మనవి చేసుకుంటున్నాను. క్లచ్ బిగుసుకుపోయింది, తొక్కితే మోకాలు పట్టేస్తోంది అని చెప్పి బండి ఇచ్చాను. తమరు సింహద్వారం జంక్షన్ దాకా ఒక రౌండు కొట్టి వచ్చి, దిగకుండానే తల అడ్డంగా ఊపి, "ప్లేట్లు పోనాయి సార్. సెట్టు మొత్తం మార్చీయాలి, ఇలగే తిప్పితే దారిలో ఆగిపోద్ది" అన్నారు. రేపు టెక్కలిలో పెళ్లి. పిల్లలతో, చీరల పెట్టెతో, హైవే మీద ఆగిపోవడం కళ్లముందు కనపడింది. సరే మార్చండి అన్నాను.

బండి లోపల టార్పాలిన్ వెనకాల ఉంది, కస్టమర్లు అటు వెళ్లకూడదన్నారు, వెళ్లలేదు. సాయంత్రం బిల్లు చేతిలో పెట్టాక మర్యాదగానే అడిగాను, పాత ప్లేట్లు ఒకసారి ఇస్తారా అని. "ఇక్కడే ఉండాలి సార్" అన్నారు. ఉంటే చూపించండి అంటే "కుర్రోడు పడీసినట్టున్నాడు" అన్నారు. ఎక్కడ పడేశాడంటే "స్క్రాపోడు ఇందాకే పట్టుకెళ్లిపోనాడు" అన్నారు. అయ్యా, మధ్యాహ్నం నుంచీ నేను తమ గేటుకి ఎదురుగానే కూర్చున్నాను. స్క్రాపు బండి మాట అటుంచండి, పాత పేపర్లవాడు కూడా ఆ దారిన పోలేదు. ఆ ముక్క అన్నందుకు యజమాని గారికి ఎంత బాధ కలిగిందంటే, చేతిలో గుడ్డ బల్ల మీద పడేసి, "ఏటి సార్, నమ్మకం లేదేటి?" అన్నారు.

నమ్మకం మాట తర్వాత. ఆ ప్లేటు కోసం ఇంత రాద్ధాంతం ఎందుకంటే, ఇంజినుకీ గేర్‌బాక్సుకీ మధ్య కూర్చునే వస్తువు అది. మూసేశాక కొత్తది పడిందో పాతదే ఉందో బ్రహ్మదేవుడికి కూడా కనపడదు. సైడు అద్దం మారిస్తే కనపడుతుంది, టైరు మారిస్తే కనపడుతుంది. క్లచ్ ప్లేటు మార్చారనడానికి లోకంలో ఉన్న సాక్ష్యం, తీసేసిన ఆ పాత ప్లేటు ఒక్కటే. దాని మీది లైనింగు రివెట్ల దాకా అరిగిపోయి ఉంటే ఎంత మొండివాడైనా నోరెత్తడు. పిత్తాశయంలో రాయి తీసిన డాక్టరు కూడా దాన్ని చిన్న సీసాలో వేసి ఇంట్లోవాళ్లకి చూపిస్తాడు కదండీ, తమరు అంతకంటే గొప్ప ఆపరేషన్ చేశారా?

ఇంటికొచ్చాక మా బావకి ఫోన్ చేశాను. ఏళ్ల తరబడి వైజాగ్ రూట్లో టాక్సీ తిప్పిన మనిషి, బిల్లు చూసి ఏమీ అనలేదు. లుంగీ పైకి మడిచి, గోనెపట్టా పరుచుకుని, ఫోన్ టార్చి పట్టుకుని బండి కిందికి దూరాడు. కాసేపటికి "ఇలా రా" అని నన్నూ పడుకోబెట్టాడు. గేర్‌బాక్సు బోల్టుల తలలు చూపించాడు. పోయిన వానాకాలం బురద, దాని మీద దుమ్ము, దాని మీద మళ్లీ బురద, పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. స్పానర్ పడిన బోల్టు తల అంచుల దగ్గర మెరుస్తుందట. ఇక్కడ మెరుపు కాదు కదా, గీత కూడా లేదు. పైగా గేర్‌బాక్సు దించాలంటే ముందు డ్రైవ్ షాఫ్టులు పీకాలి, అవి పీకాలంటే గేర్ ఆయిలు దించాలి, మళ్లీ పొయ్యాలి. టీ నీళ్లు కూడా మర్చిపోకుండా రాసుకునే షెడ్డు, గేర్ ఆయిలు ఎలా మర్చిపోయిందండీ బిల్లులో?

అయితే క్లచ్ మాత్రం ఇప్పుడు వెన్నలా పడుతోంది, అబద్ధం ఎందుకు. దాని రహస్యం తమ కుర్రాడు అప్పటికే చెప్పాడు. నేను బండి ఎక్కుతుంటే పక్కన పెట్రోలుతో చేతులు కడుక్కుంటూ, మంచి మనసుతోనే, "కేబులు కొత్తది ఏశాను సార్, ఇంక సాఫీగా ఉంటాది" అన్నాడు. పాపం, వాడికింకా ఎవరూ పూర్తిగా పని నేర్పలేదు. ఇంటికొచ్చి బానెట్ ఎత్తి చూస్తే నిజమే, పెడలుకీ క్లచ్‌కీ మధ్య ఉండే కేబులు కొత్తది, నల్లగా నిగనిగలాడుతోంది. ఆ కేబులు బిల్లులో లేదు! కంటికి కనపడేది బిల్లులో లేదు, బిల్లులో ఉన్నది కంటికి కనపడదు. ఏ వేదాంతి దగ్గర చదువుకున్నారండీ తమరు?

బిల్లు అంటున్నాను గానీ అది బిల్లు కాదు, తెల్లచీటీ. పేరు లేదు, నంబరు లేదు, సంతకం లేదు. క్లచ్ సెట్టు 4,800, లేబర్ 2,500, ఆయిలు 1,600, ఆ ఇతరములు 450, కింద "టేక్సు 28%" అని ఆ సెట్టు మీద 1,344. మొత్తం 10,694. కాస్త తగ్గించండి అన్నాను. రౌండు చేసి 10,700 తీసుకున్నారు. పెట్టె మీద ముద్రించిన ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాని మీద మళ్లీ పన్ను వేయడం ఏ లెక్కలోదని అడుగుదామంటే ఆ పెట్టె కూడా స్క్రాపోడే పట్టుకెళ్లాడన్నారు. పోనీ పన్నైనా సరిగ్గా వేశారా? ఆటో విడిభాగాల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి దిగింది. ఆ కబురు ఢిల్లీ నుంచి బయల్దేరి నాగావళి దాకా వచ్చింది, ఎందుకో తమ షెడ్డు గుమ్మం మాత్రం ఎక్కలేదు. సరే, జీఎస్టీ నంబరున్న పక్కా బిల్లు ఇవ్వండి అన్నాను. "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుద్ది సార్" అన్నారు. మరి ఇందాక పడిందేమిటండీ?

అసలు తమరంటే నాకు మొదటినుంచీ ఇలాంటి అభిప్రాయం లేదు. ఇదే షెడ్డు పెద్దాయన చూసుకునే రోజుల్లో, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక, నీళ్లు తాగేసిన నా స్కూటరు తోసుకుంటూ వచ్చాను. ఆయన ప్లగ్గు విప్పి, తుడిచి, ఊది, కార్బురేటర్ దించి, స్కూటరు దగ్గుతూ స్టార్ట్ అయ్యేదాకా వదల్లేదు. ఇంతమంది బళ్లు నీళ్లలో ఉంటే డబ్బులేం తీసుకుంటామని టీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు. ఆయన చేత బ్రేక్ షూ మార్పిస్తే, అడక్కుండానే పాతవి న్యూస్ పేపర్లో పొట్లం కట్టి డిక్కీలో పెట్టేవాడు. ఆ పొట్లాలు ఏం చేసుకోవాలో తెలియక ఇంట్లో అటక మీద పడేసేవాణ్ణి, మా ఆవిడ తిట్టేది. అందుకే ఊళ్లో ఇన్ని షెడ్లు ఉండగా తమ దగ్గరికే వచ్చాను. ఆయన బొమ్మ ఇప్పటికీ గోడ మీద దండేసి ఉంది, ఆ బొమ్మ కిందే కూర్చుని "నమ్మకం లేదేటి" అన్నారు చూడండి, ఆ మాటకి మండినంతగా ఆ పదివేలకి మండలేదు నాకు.

ఇంక మర్యాదలు చాలు. ప్లేటు మార్చలేదు మీరు. నాలుగొందల కేబులు వేసి సెట్టు డబ్బులు గుంజారు. గేర్‌బాక్సు దించని లేబర్‌కి రెండున్నర వేలు తీసుకున్నారు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యడానికి నాకు పైసా ఖర్చు లేదు, అయిదు లక్షల లోపు కేసుకి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. తెల్లచీటీ ఫొటో తీసి పెట్టాను, బోల్టులవీ తీశాను. టెక్కలి పెళ్లి నుంచి తిరిగొచ్చి సోమవారం మా బావతో కలిసి వస్తాను. బండి లిఫ్టు మీద ఎక్కించి మా ఎదురుగా గేర్‌బాక్సు విప్పండి. లోపల కొత్త ప్లేటు ఉంటే విప్పినందుకూ బిగించినందుకూ అడిగినంత లేబర్ ఇచ్చి, నలుగురి ముందూ క్షమాపణ చెప్పి వెళ్తాను. లేకపోతే నా డబ్బులు నాకు ఇవ్వండి, కేబులు ఖరీదు పట్టుకుని.

ఒక్క సంగతి మాత్రం నాకు ఇప్పటికీ అంతు చిక్కడం లేదు. తమ షెడ్డు వెనకాల గోడ వారగా పాత సామాను గుట్టగా పోసి ఉంది, ఎవరెవరి బళ్లవో అరిగిన ప్లేట్లు అందులో డజను ఉంటాయి. ఒకటి ఏరి, కాస్త గ్రీజు పూసి, "ఇదిగో సార్ మీది, ఎలాగైపోనాదో చూడండి" అని నా చేతిలో పెట్టి ఉంటే, నాదో కాదో పోల్చుకునే తెలివి నాకు ఎక్కడిది? అరెరే అనుకుని, మీకే థాంక్స్ చెప్పి ఇంటికెళ్లేవాణ్ణి. పది అడుగులు నడిచి అది తేవడానికి కూడా బద్ధకించారు కదండీ.

ఇట్లు,
తమ విధేయ కస్టమరు